తమ్ముడు అమ్మ చేతి అన్నం తినడం మానేశాడు, డాక్టరంటే రానంటున్నాడు: ఏం చెయ్యాలి?

మీరు రాసిన వివరాలను ముందు ఒక వరసలో పెట్టుకుంటాను. ఆ వరసలోనే సగం సమాధానం ఉంది.

మీ తమ్ముడికి ఇరవై రెండేళ్ళు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. దసరా సెలవుల దాకా మామూలుగానే ఉన్నాడు. ఆ తర్వాత ఇంటికి ఫోన్లు తగ్గించాడు, క్లాసులకు వెళ్ళడం మానేశాడు, రెండు సబ్జెక్టులు పోయాయి. సంక్రాంతికి నరసరావుపేట వచ్చినవాడు మళ్ళీ వెళ్ళలేదు. రాత్రంతా మేలుకునే ఉంటున్నాడు. ఫోను కెమెరా మీద ప్లాస్టర్ ముక్క అంటించాడు. మేడ మీద అద్దెకున్నవాళ్ళు తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు. అమ్మ వండింది ముట్టడు. తనే కొట్టుకెళ్ళి బిస్కెట్ ప్యాకెట్లు తెచ్చుకుని, తన చేత్తో చింపుకుని తింటున్నాడు. ఒక్కడే ఉన్నప్పుడు నవ్వుకుంటున్నాడు. అమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. నాన్న 'బద్ధకం, ఫోను పిచ్చి' అంటున్నారు. మేనమామ పెళ్ళి చేసేస్తే కుదురుకుంటాడంటున్నాడు. ఇది డిప్రెషనా, సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాలా సైకియాట్రిస్టు దగ్గరికా, వాడు రానంటే ఎలా, మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా అని మీరు అడిగారు.

నేను డాక్టర్ని కాదు. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కర్‌గా చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. లోపల డాక్టరుగారు పేషెంటుతో మాట్లాడుతుంటే బయట బెంచీ మీద ఇంటివాళ్ళతో మాట్లాడటం నా పని. అందుకే జబ్బు పేరు చెప్పే జోలికి పోను. చూడకుండా ఆ పేరు ఎవరు చెప్పినా నమ్మకండి. కానీ మీరు రాసినవాటిలో ఏది పట్టించుకోవాలో, ఏది వదిలెయ్యొచ్చో చెప్పగలను.

డిప్రెషన్ ఉన్నవాళ్ళూ తిండి మానేస్తారు. అయితే వాళ్ళకు ఆకలి వెయ్యదు, నోటికి రుచి తెలియదు, ఇష్టమైన గోంగూర పచ్చడి పెట్టినా కెలికి వదిలేస్తారు. మీవాడికి ఆకలి వేస్తూనే ఉంది, అన్నం మీదే నమ్మకం పోయింది. సీలు ఉన్న ప్యాకెట్టు మాత్రమే తింటున్నాడంటే, తినే దాంట్లో ఎవరో ఏదో కలుపుతున్నారని భయపడుతున్నాడేమోనని అనుమానించాలి. కెమెరా మీద ప్లాస్టర్, మేడ మీదవాళ్ళ మాటలు, తనలో తాను నవ్వుకోవడం కూడా దాని పక్కన పెట్టి చూస్తే డాక్టర్లు సైకోసిస్ అనే స్థితి గుర్తొస్తుంది. లేనివి వినపడటం, ఎవరో వెంటాడుతున్నారని గట్టిగా నమ్మడం, ఎంత చెప్పినా ఆ నమ్మకం సడలకపోవడం దాని లక్షణాలు. ఇది ఒక్క జబ్బు పేరు కాదు. స్కిజోఫ్రీనియాలో ఇలా ఉండొచ్చు, మనసు విపరీతమైన హుషారుకీ దిగులుకీ మధ్య ఊగే బైపోలార్‌లో ఉండొచ్చు, తీవ్రమైన డిప్రెషన్‌లోనూ, గంజాయి వల్లా, థైరాయిడ్ లాంటి ఒంటి జబ్బుల వల్లా ఉండొచ్చు. ఎక్కువమందికి మొదటిసారి కనిపించేది సరిగ్గా ఈ వయసులోనే, పదహారు పదిహేడు నుంచి ముప్ఫై లోపు. ఇంటర్, బీటెక్, కొత్త ఉద్యోగం, అన్ని టెన్షన్లూ ఒకేసారి మీద పడే వయసు కావడంతో ఇంట్లోవాళ్ళు చదువు ఒత్తిడి అనుకుని నెలల తరబడి ఊరుకుంటారు.

పరీక్షల టెన్షన్‌కీ దీనికీ తేడా ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. టెన్షన్‌కి ఒక కారణం ఉంటుంది, ఆ కారణం పోతే అదీ తగ్గుతుంది. పరీక్షలయ్యాక పిల్లాడు పడి నిద్రపోతాడు, స్నేహితులతో బయటికెళ్తాడు. మీవాడు హాస్టల్ వదిలి ఇంటికొచ్చి వారాలు గడిచినా భయం తగ్గలేదు, పైగా హాస్టల్లో ఉన్నది ఇంటి మేడ మీదికొచ్చింది. ఇంకో సంగతి. ఒక్క లక్షణాన్ని పట్టుకుని కంగారు పడక్కర్లేదు. తాతయ్య పోయాక కొన్నాళ్ళు ఆయన పిలిచినట్టు వినపడటం చాలామందికి జరుగుతుంది, అది జబ్బు కాదు. దసరా ముందు మనిషికీ ఇప్పటి మనిషికీ ఎంత తేడా వచ్చిందన్నదే డాక్టరు చూస్తారు. స్నానం, నిద్ర, తిండి, స్నేహం, చదువు, ఈ అయిదింటిలో మీరు రాసినదాన్ని బట్టి నాలుగు దెబ్బతిన్నాయి. స్నానం గురించి మీరు రాయలేదు, చూడండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు, ఈ రోజే చెయ్యాల్సిన పని ఒకటుంది. మీది మిర్చి, పత్తి వేసే ఇల్లన్నారు. పురుగుమందు డబ్బాలు, కలుపు మందు ఇంట్లోగానీ గొడ్లచావిట్లోగానీ ఉంటే వాటిని ఇంకొకరి ఇంట్లో తాళం వేసి పెట్టండి. వాడు అలాంటి మాట ఏదీ అనలేదు కదా అనకండి. భయంలో ఉన్న మనిషికి ఒక్క చెడ్డ గంట చాలు, ఆ గంటలో చేతికి ఏది అందుతుందన్న దాని మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది. పల్లెటూళ్ళలో జరిగే ఆత్మహత్యల్లో పురుగుమందు వాటా తక్కువేమీ కాదు. రెండోది, వాణ్ణి సూటిగా అడగండి: 'ఇంత భయంగా ఉంటే చచ్చిపోవాలనిపిస్తోందా?' అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని అందరూ భయపడతారు. అలా జరగదు. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. 'అవును' అన్నా, చెవిలో గొంతులు ఫలానా పని చెయ్యమని ఆజ్ఞాపిస్తున్నాయన్నా, మేడ మీదవాళ్ళ మీదికి వెళ్ళబోయినా, మంచినీళ్ళు కూడా తాగడం మానేసినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. 108కి ఫోన్ చేసి అదే రోజు పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి, ఒక్కణ్ణీ వదలకండి. జ్వరంతో పాటు మాట తడబడుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఇవాళ ఏ వారమో చెప్పలేకపోతున్నా అది మెదడుకు సోకిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అప్పుడు కూడా ముందు వెళ్ళాల్సింది క్యాజువాలిటీకే.

ఎవరి దగ్గరికన్న ప్రశ్నకు మీ విషయంలో నా జవాబు తిరుగులేనిది: ముందు సైకియాట్రిస్టు. ఆయన ఎంబీబీఎస్ చేసి, ఆ పైన మానసిక వైద్యంలో ఎండీయో, డీపీఎమ్మో, డీఎన్‌బీయో చేసినవాడు. మందు రాయగలడు, ఒంటి జబ్బు ఉందేమో చూడగలడు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతో వైద్యం చేస్తారు, పరీక్షలు చేస్తారు. వాళ్ళకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడంలో తప్పులేదు. భయం కాస్త తగ్గాక వాళ్ళ సాయం బాగా పనికొస్తుంది. ఇక బోర్డు మీద 'కౌన్సెలర్' అని రాసుకుని, నాలుగు సెషన్లలో పాజిటివ్ థింకింగ్ నేర్పిస్తామనే వాళ్ళ దగ్గరికి ఈ స్థితిలో తీసుకెళ్తే డబ్బుకంటే టైము ఎక్కువ పోతుంది. సైకోసిస్‌లో వైద్యం లేకుండా గడిచే కాలం ఎంత పెరిగితే కోలుకోవడం అంత కష్టమవుతుంది.

మీకు గుంటూరు దగ్గర. అక్కడి ప్రభుత్వ సమగ్రాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఏ పెద్దాసుపత్రిలోనైనా సైకియాట్రీ ఓపీ ఉంటుంది. విశాఖ, ఎర్రగడ్డ పేర్లు వినగానే మీవాళ్ళు బెదిరిపోతారని తెలుసు. తెలుగు సినిమాల్లో జోకులన్నీ ఆ రెండు ఆసుపత్రుల మీదే కదా. మొదటిసారి చూపించుకోవడానికి అంతదూరం వెళ్ళక్కర్లేదు, చాలామందికి అడ్మిషనే అక్కర్లేదు. ఓపీలో చూపించుకుని, మందులు తీసుకుని సాయంత్రానికి ఇంటికొస్తారు. ఎటూ తేలకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. టెలిమానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పేషెంటే చెయ్యాలని లేదు, అక్కగా మీరు చెయ్యొచ్చు.

వాడు రానంటున్నాడు. ఇదే అన్నిటికంటే పెద్ద చిక్కు, నా బెంచీ మీద కూర్చున్న ప్రతి ఇంటివాళ్ళూ ముందు చెప్పేది ఇదే. వాడి వైపు నుంచి ఆలోచించండి. మేడ మీదవాళ్ళు కుట్ర చేస్తున్నారని వాడికి కళ్ళకు కట్టినట్టు తెలుసు. మీరేమో 'నీకు మెంటల్ ప్రాబ్లం, పద డాక్టర్ దగ్గరికి' అంటారు. వాడి లెక్కలో మీరూ కుట్రలో చేరిపోయారు. 'అక్కడ ఎవరూ ఏమీ అనడం లేదురా, నీ భ్రమ' అని వాదించినా అంతే. పోనీలే అని 'అవునురా, వాళ్ళు మంచివాళ్ళు కాదు' అంటే ఆ నమ్మకానికి మీరు సాక్షి సంతకం పెట్టినట్టు. ఈ రెండూ కాకుండా మాట్లాడొచ్చు: 'నాకైతే ఆ మాటలు వినపడలేదురా. నీకు వినపడుతున్నాయంటున్నావు, నువ్వు అబద్ధం చెప్పవు. నువ్వెంత భయపడుతున్నావో నాకు కనపడుతోంది.' ఇంతే. కారణం గురించి తగువు వద్దు, భయం గురించి మాట్లాడండి.

ఆ తర్వాత నిద్ర దగ్గర పట్టుకోండి. కుట్ర ఉందా లేదా అన్న దాంట్లో మీకూ వాడికీ ఒప్పందం కుదరదు, రెండు నెలలుగా సరిగ్గా నిద్ర లేదన్న దాంట్లో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. 'ఎన్నాళ్ళిలా మేలుకుంటావురా, కళ్ళు లోపలికి పోయాయి. నిద్ర గురించి ఒకసారి చూపించుకుందాం, నేను పక్కనే ఉంటాను' అంటే ఒప్పుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. ఇది మోసమేమీ కాదు, నిద్ర పాడవడం నిజమే, డాక్టరుగారు మొదట సరిచేసేదీ అదే. కానీ 'గుంటూరులో సినిమాకి' అనో 'నాన్నకి చూపించాలి' అనో అబద్ధం చెప్పి ఆసుపత్రి గేటు దాకా తీసుకెళ్ళకండి. ఒకసారి పని జరుగుతుంది, రెండోసారి మీ బండి ఎక్కడు. పదిమంది బంధువులు చుట్టూ చేరి నచ్చజెప్పడం కూడా వద్దు. ఇంట్లో వాడికి ఇంకా నమ్మకమున్న ఒక్క మనిషి ఎవరో చూడండి. మీరు రాసిన తీరు బట్టి అది మీరే అనిపిస్తోంది. రాత్రి రెండింటికి తలుపు కొట్టి 'నిద్ర పట్టట్లేదక్కా' అన్నది మీ దగ్గరే కదా.

ఎంతకీ కదలకపోతే ముందు మీరూ నాన్నగారూ వాడు లేకుండానే ఓపీకి వెళ్ళండి. చూడకుండా మందు రాయరు, కానీ ఎలా తీసుకురావాలో, ఎంత తొందర ఉందో చెప్తారు. వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద తేదీలవారీగా రాసుకెళ్ళండి: మార్పు ఎప్పుడు మొదలైంది, రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు, వాడు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు. 'పిచ్చిపిచ్చిగా మాట్లాడుతున్నాడు' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. 'ఫ్యాను తిరుగుతుంటే అందులోంచి నా పేరు వినపడుతోందన్నాడు' అని రాస్తే డాక్టరుకు చాలా తెలుస్తుంది. రెండువైపులా కుటుంబంలో ఎవరికైనా ఇలాంటిది ఉండేదా, తలకు దెబ్బ తగిలిందా, స్టెరాయిడ్ లాంటి మందులు వాడాడా అన్నవీ రాయండి. బాబాయో పెద్దమ్మో 'అదోలా' ఉండేవాళ్ళని అప్పుడు బయటపడుతుంటుంది. పెళ్ళి సంబంధాలకు భయపడి దాచిన సంగతులు డాక్టరు దగ్గర దాచకండి.

గంజాయి సంగతి అడగాలి. హాస్టల్ పిల్లల్లో అది మీరనుకునేంత అరుదు కాదు. పోలీసులా గది సోదా చెయ్యకుండా, నాన్నగారు లేనప్పుడు, 'ఏదైనా అలవాటుంటే నాకు చెప్పు, డాక్టరుకు తెలిస్తే మందు సరిగ్గా ఇస్తారు' అనండి. ఒకవేళ అవునన్నా 'హమ్మయ్య, గంజాయి మానిస్తే సరిపోతుంది' అనుకోవద్దు. మానేశాక తగ్గిపోయేవాళ్ళున్నారు. గంజాయి వల్ల లోపలున్న జబ్బు ముందుగా బయటపడ్డవాళ్ళూ ఉన్నారు. ఎవరు ఎటన్నది కొన్నాళ్ళు చూస్తేగానీ తేలదు.

మొదటిసారి ఓపీలో ఏం జరుగుతుందంటే, డాక్టరుగారు వాడితో విడిగా, మీతో విడిగా మాట్లాడతారు. థైరాయిడ్, షుగర్, బి12 లాంటి రక్తపరీక్షలు రాస్తారు, అనుమానముంటే స్కానింగ్. షాకులూ గొలుసులూ ఉండవు. మందు రాస్తే రిస్పెరిడోన్, ఒలాంజపిన్ లాంటివి చిన్న డోసుతో మొదలుపెడతారు. నిద్ర కొద్దిరోజుల్లో కుదురుకుంటుంది. అనుమానాలు తగ్గడానికి మాత్రం వారాలు పడుతుంది, ఒక్కసారిగా మాయం కావు. 'వాళ్ళు ఇప్పుడు కాస్త మెల్లగా మాట్లాడుకుంటున్నారక్కా' అంటాడు చూడండి, మందు పట్టిందనడానికి అది గుర్తు. ఈలోపు మగతగా ఉంటాడు, ఆకలి పెరుగుతుంది, బరువు పెరుగుతాడు. చేతులు బిగుసుకున్నట్టుండటం, ఒకచోట కూర్చోలేక అటూ ఇటూ తిరగడం కనిపిస్తే మానెయ్యకుండా డాక్టరుకు చెప్పండి, డోసు మారుస్తారు, విరుగుడు ఇస్తారు. మందు మీద ఉండగా ఎక్కువ జ్వరంతో ఒళ్ళంతా కొయ్యబారితే మాత్రం వెంటనే క్యాజువాలిటీకి వెళ్ళాలి. అరుదే, కానీ ప్రమాదం.

జీవితాంతం వాడాలా అంటే, అందరికీ అలా ఉండదు. మొదటిసారి వచ్చిన సైకోసిస్‌కి తగ్గిన తర్వాత కూడా కనీసం ఏడాది రెండేళ్ళు వాడమంటారు, ఆపేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు. కొందరికి మళ్ళీ రాదు, కొందరికి మళ్ళీ మళ్ళీ వస్తుంది, వాళ్ళు ఎక్కువకాలం వాడాలి. నేను చూసినంతలో పనంతా పాడయ్యేది మూడో నెలలో. పిల్లాడు నవ్వుతూ తిరుగుతుంటాడు, ఎవరో చుట్టం 'ఆ బిళ్ళలు వాడితే మొద్దుబారిపోతాడు' అంటాడు, అమ్మ ఆపేస్తుంది. ఆపిన మర్నాడే తిరగబెట్టదు కాబట్టి చుట్టం మాటే నిజమనిపిస్తుంది. కొన్ని నెలలకు మళ్ళీ అదే బెంచీ.

రుచీ వాసనా లేని చుక్కల మందు తెచ్చి సాంబార్లో కలిపేద్దామని మీ ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. అన్నంలో ఏదో కలుపుతున్నారని భయపడుతున్న పిల్లాడి అన్నంలో నిజంగానే కలిపితే, అది బయటపడిన రోజున వాడి భయానికి మీరే రుజువు ఇచ్చినట్టవుతుంది. ఆ తర్వాత మందునీ నమ్మడు, మిమ్మల్నీ నమ్మడు. బిళ్ళ వాడి ఎదురుగానే స్ట్రిప్పులోంచి తీసి ఇవ్వండి. తిండి విషయంలోనూ కొన్నాళ్ళు ఇదే పద్ధతి: కోడిగుడ్డు ఉడకబెట్టి పెంకుతో ఇవ్వండి, అరటిపండు ఇవ్వండి, వాడు వంటింట్లోకి వచ్చి తనే వడ్డించుకుంటానంటే వడ్డించుకోనివ్వండి. అందరూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకోండి. అమ్మకు ఇది ఎంత బాధగా ఉంటుందో ఊహించగలను. 'నా చేతి ముద్ద వద్దంటున్నాడు' అని ఏడ్చే తల్లుల్ని చాలామందిని చూశాను. అది అమ్మ మీద కోపం కాదని ఆవిడకు పదేపదే చెప్పాల్సింది మీరే.

అమ్మ తాయెత్తు కట్టిస్తే కట్టించనివ్వండి, మొక్కు మొక్కితే మొక్కనివ్వండి. ట్యాబ్లెట్‌తో దానికి తగువు లేదు. తాయెత్తు విప్పితేగానీ ఆసుపత్రికి రానివ్వం అని నేనెప్పుడూ ఎవరితోనూ అనలేదు. కానీ వేపమండలతో కొట్టడం, పస్తులుంచడం, పొగ పెట్టడం, గొలుసుతో కట్టి ఎక్కడో వదిలిరావడం, వీటికి అడ్డుపడండి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఒక ఆశ్రమంలాంటి చోట మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కదల్లేక కాలిపోయారు. వాళ్ళను అక్కడ వదిలినవాళ్ళు కూడా అమ్మలూ నాన్నలే, నయమవుతుందన్న ఆశతోనే వదిలారు. ఇప్పుడు అమల్లో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. బలవంతపు అడ్మిషన్‌కీ ఆ చట్టం హద్దులు పెట్టింది. తనకో ఇతరులకో ప్రాణహాని ఉన్నప్పుడో, తన ఆలనాపాలనా తను చూసుకోలేని స్థితిలోనో, ఒక సైకియాట్రిస్టుతో సహా ఇద్దరు విడివిడిగా పరీక్షించి ఒప్పుకుంటేనే, ఇంటి తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద చేర్చుకుంటారు. అది కూడా మొదట 30 రోజుల లోపే. అదే చట్టం ప్రకారం వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలి. 'రికార్డుల్లో పేరెక్కితే ఉద్యోగం రాదు' అని నాన్నగారు అంటున్నారన్నారు కదా, ఆసుపత్రి వాళ్ళు కాలేజీకో కంపెనీకో ఫోన్ చేసి చెప్పరని ఆయనకు చెప్పండి.

మేనమామగారి పెళ్ళి సలహా గురించి ఒక్క మాట చాలు: వద్దు. ఏమీ తెలియని ఇంకో ఇంటి పిల్లను మందు బదులు తెచ్చుకోవడం అది.

నాన్నగారి 'బద్ధకం' మాట మాత్రం తేలిగ్గా తీసుకోలేను. లండన్‌లో 1960ల నుంచి, తర్వాత మన చండీగఢ్‌లోనూ చేసిన పరిశీలనల్లో తేలిందేమిటంటే, ఇంట్లో రోజూ సూటిపోటి మాటలు, తిట్లు ఎక్కువగా ఉన్నచోట కోలుకున్నవాళ్ళకు జబ్బు తిరగబెట్టడం కూడా ఎక్కువ. ఆయన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు, ఆయన భయం కోపంగా బయటికొస్తోంది. డాక్టరు నోటివెంట ఒకసారి వింటే చాలామంది నాన్నలు మెత్తబడతారు. అందుకే ఓపీకి ఆయన్ని కూడా తీసుకెళ్ళమన్నాను.

చివర్లో మీరు అడిగీ అడగనట్టు అడిగారు, ఇష్టం లేని కంప్యూటర్ సైన్సులో చేర్పించినందుకే ఇలా అయిందా అని. కాదు. వంశపారంపర్యంగా వచ్చే గుణం, మెదడులో రసాయనాల తేడా, ఒత్తిడి, నిద్రలేమి, కొందరిలో గంజాయి, ఇలా చాలా కలిస్తే వస్తుంది. సీటు మార్చినంత మాత్రాన ఆగేది కాదు. కాలేజీ సంగతి ఇప్పుడే తేల్చక్కర్లేదు. కాలేజీ జాబితాలోంచి పేరు తీసెయ్యకుండా సెమిస్టర్ బ్రేక్ అడగడానికి ఏ సర్టిఫికెట్ కావాలో కాలేజీ ఆఫీసులో కనుక్కోండి, మొదటి ఓపీ చీటీ నుంచి అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. మిగతా సబ్జెక్టుల సంగతి వాడికి మూడు నాలుగు నెలలు సరిగ్గా నిద్రపట్టాక, వాడితోనే కూర్చుని మాట్లాడొచ్చు.